కొత్త కార్యకర్తను ఊరే పిలుచుకోవాలి, మూడేళ్ళు నిలుపుకోవాలి

ఇస్మాయిల్‌ఖాన్‌పేటతో పాటు సంగారెడ్డి, కంది, పటాన్‌చెరు మండలాల తల్లిదండ్రులకు, యువతీయువకులకు, చదువు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు, కంపెనీల యాజమాన్యాలకు విజ్ఞప్తి



జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో మన ఊళ్ళకు కొత్త మనుషులు వస్తారు. భుజానికి సంచి, చేతిలో సర్వే కాగితాలు ఉంటాయి. బడి మానేసిన పిల్లలను మళ్ళీ బడికి తోలడానికి, పది తప్పినవాళ్ళతో పరీక్ష ఫీజు కట్టించడానికి, ఇంటర్ అయినవాళ్ళకు ముందు దారి చెప్పడానికి స్వచ్ఛంద సంస్థలు పంపిన కార్యకర్తలు వీళ్ళు. మనకు వాళ్ళు ‘సంస్థ మేడం’, ‘సంస్థ సార్’. అసలు పేరు తెలుసుకునేలోపే ఏడాది గడిచిపోతుంది. మార్చిలో ప్రాజెక్టు అయిపోయిందని చెప్పి వెళ్ళిపోతారు. మళ్ళీ జూన్‌లో మరొకరు వచ్చి, అదే గడప ముందు నిలబడి, “మీ ఇంట్లో బడి మానేసిన పిల్లలు ఎంతమందమ్మా?” అని మొదటి నుంచి అడుగుతారు. జవాబు చెప్పీ చెప్పీ తల్లులు విసిగిపోయారు. “పోయిన ఏడు రాసుకపోయిండ్రు గద, మళ్ళెందుకు?” అంటున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సంస్థ జవాబు చెప్పాలి, డబ్బిచ్చే కంపెనీ జవాబు చెప్పాలి, ఊరు కూడా చెప్పాలి.

ఈ కరపత్రంలో మేము కోరేది ఇదే. చదువు పని మీద కొత్తగా వచ్చే కార్యకర్తను ఊరు తన మనిషిగా, గ్రామసభలో అందరి ముందూ ఆహ్వానించాలి. అలా వచ్చిన మనిషి కనీసం మూడు విద్యా సంవత్సరాలు ఇక్కడే పనిచేసేలా సంస్థ, కంపెనీ రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. శాలువా కప్పి ఫొటో దిగితే స్వాగతం అయిపోయిందనుకునే పద్ధతి మానాలి.

ఇంత చిన్న విషయానికి కరపత్రమెందుకని అనుకునేవాళ్ళు ఉంటారు. మన ప్రాంతం ఎలాంటిదో ఒక్కసారి చూడండి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఉంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో మొదలైన ఐఐటీ ఇప్పుడు కందిలో ఉంది. సంగారెడ్డిలో తారా ప్రభుత్వ కళాశాల ఉంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి వరుసగా మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు, ఇనుప కంపెనీలు ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి చదువు కోసం ఇక్కడికే వస్తున్నారు, పని కోసమూ ఇక్కడికే వస్తున్నారు. ఇంత పెద్ద చదువుల మధ్య, ఇన్ని కొలువుల మధ్య, మన పిల్లవాడు పదిలో లెక్కల పరీక్ష తప్పితే మర్నాడే కాంట్రాక్టర్ కంట్లో పడతాడు. వయసు రెండేళ్ళు ఎక్కువ చెప్పి జనరల్ షిఫ్టులో లోడింగ్‌కు కుదురుతాడు. చేతికి డబ్బు రావడం మొదలయ్యాక ఆ పిల్లవాడిని మళ్ళీ పుస్తకం ముందు కూర్చోబెట్టడం ఎంత కష్టమో కన్నవాళ్ళకు తెలుసు. ఆడపిల్ల పది తప్పితే ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారం పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఆ రోజు తర్వాత ఈ చుట్టుపక్కల ఏ తల్లీ కొడుకును నిశ్చింతగా షిఫ్టుకు పంపలేదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో పని చేయించకూడదనీ, పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదనీ 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. పద్దెనిమిది నిండేదాకా పిల్లవాడు చదువులోనో, చేతిపని శిక్షణలోనో ఉండేలా చూడటం మనందరి బాధ్యత.

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు, అధికారులు పనిలో ఉన్న పిల్లలను విడిపిస్తారు. మంచి పని. కానీ విడిపించిన మర్నాడు ఆ పిల్లవాడు ఏ తరగతిలో కూర్చుంటాడు? వారం తర్వాత బడికి రాకపోతే ఎవరు వెళ్ళి అడుగుతారు? అప్పు తీర్చడానికే కొడుకును పనికి పంపిన తండ్రితో ఎవరు కూర్చుని మాట్లాడతారు? బడి పంతుళ్ళకు తరగతులు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి, పైనుంచి వచ్చే లెక్కల పత్రాలు ఉన్నాయి. ఇంటింటికీ తిరిగే ఈ పని సంస్థ కార్యకర్తది. అలాంటి మనిషిని ఏడాదికొకరిని మారిస్తే ఆ పని జరగనట్టే.

ఎందుకంటే ఈ పనిలో అసలు సరుకు నమ్మకం. ఫలానా ఇంట్లో తండ్రి తాగి వస్తాడని, అందుకే ఆ అమ్మాయి పొద్దున చదవగలదు గానీ రాత్రి చదవలేదని ఏ సర్వే కాగితంలోనూ రాయరు. ఫలానా అబ్బాయి బడి మానడానికి లెక్కలు కారణం కాదని, తోటి పిల్లలు పెట్టిన పేరు కారణమని వాడు ఎవరికీ చెప్పడు. నాలుగు నెలలు రోజూ పలకరించిన మనిషికి చెబుతాడు. ఆ మనిషి మార్చిలో వెళ్ళిపోతే చెప్పిన మాటా పోతుంది, ఇంకొకరికి చెప్పాలన్న మనసూ పోతుంది. మనం ‘పిల్లలకు చదువు మీద ధ్యాస లేదు’ అంటాం. పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్ళిపోవడం ఆ పిల్లలు చూస్తూనే ఉన్నారని మరిచిపోతాం.

ఇది చేయదగిన పనేనని మన పక్క జిల్లా ముప్పై ఏళ్ళ కిందటే చూపించింది. ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో పిల్లల చదువు పని మొదలుపెట్టినప్పుడు, అప్పు కింద పెద్ద రైతుల దగ్గర జీతం ఉన్న పిల్లలు ఎందరో ఉన్నారు. ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ నమ్ముకున్నది ఊరి యువతీయువకులనే. వాళ్ళలో చాలామంది తమ ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి తరం. వాళ్ళు జీతం ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులతోనూ, ఆ పిల్లవాడిని పెట్టుకున్న ఆసామితోనూ మాట్లాడారు. ఊరందరినీ కూర్చోబెట్టారు. శిబిరాల్లో పిల్లలకు కొన్ని నెలలు చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా ‘బాలకార్మిక విమోచన వేదిక’గా కూడి ఆ పనిలో నిలబడ్డారు. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. బడికి రాని పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడినది అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. రంగారెడ్డి ఊళ్ళలో కార్యకర్తలు ఎన్నో ఏళ్ళు చేసి చూపించిన పని అలాంటిదే. ఆ పని నడిచింది ఊరి మనుషులు ఊరి పనిగా తీసుకున్నందువల్ల, ఏళ్ళ తరబడి నిలబడినందువల్ల.

‘మరి ఊరివాళ్ళనే పెట్టుకుంటే సరిపోతుంది కదా, బయటివాళ్ళెందుకు?’ అని కొందరు అడుగుతారు. దొరికినచోట తప్పకుండా ఊరివాళ్ళనే పెట్టుకోవాలి. మన జిల్లాలోనే ఝరాసంగం మండలం మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. మైకు ముందు కూర్చునేదీ, మిషను నడిపేదీ ఊరి ఆడవాళ్ళే. నేర్పితే ఊరు ఏ పనైనా చేయగలదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయినా కొన్ని పనులకు బయటి మనిషి కావాలి. ఇంటి పేరు, కులం, పాత తగాదాలు తెలియని మనిషికి కొన్ని గడపలు సులువుగా తెరుచుకుంటాయి. ఆడపిల్లకు తన బంధువు కాని ఒక అక్కతో మాట్లాడటం కొన్నిసార్లు తేలిక. అందుకే ఊరి నుంచి ఒకరు, బయటి నుంచి ఒకరు జంటగా పనిచేస్తే బాగుంటుందని మా అభిప్రాయం. ఇద్దరిలో ఎవరు కొత్తగా వచ్చినా స్వాగతం ఒకే తీరుగా ఉండాలి.

ఆ స్వాగతం ఎలా ఉండాలి? ముందు సంస్థ సంగతి చెప్పుకుందాం.

కొత్త కార్యకర్త మొదటి మూడు నెలలు ఏ లెక్కా ఇవ్వనక్కర్లేదని సంస్థ ముందే చెప్పాలి. ఎంతమందిని చేర్పించావు, ఎన్ని సమావేశాలు పెట్టావు, ఎన్ని ఫొటోలు పంపావు అని వారం వారం అడిగితే, ఆమె ఊరిని చూడదు, ఫోనునే చూస్తుంది. ఆ మూడు నెలలు ఆమె పని తిరగడం, కూర్చోవడం, వినడం. పొద్దున బడి గంట కొట్టేటప్పుడు గేటు దగ్గర ఉండాలి. షిఫ్టు బస్సు ఎక్కే చోట పొద్దుమాపు నిలబడి ఏ వయసు పిల్లలు ఎక్కుతున్నారో చూడాలి. మహిళా సంఘం నెల మీటింగులో ఒక మూల కూర్చోవాలి. అంగన్‌వాడీ టీచర్‌కు, ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఏముందో తెలుసు. వాళ్ళ వెంట నాలుగు రోజులు నడిస్తే ఏ శిక్షణ తరగతిలోనూ దొరకని పాఠం దొరుకుతుంది.

పాత కార్యకర్త వెళ్ళేముందు కొత్త కార్యకర్తతో కనీసం ఒక నెల కలిసి తిరగాలి. మేము దీన్ని అన్నిటికంటే గట్టిగా కోరుతున్నాం. పాతామె రాసుకున్న పుస్తకం కొత్తామె చేతికి రావాలి. అందులో పది తప్పినవాళ్ళు, ఇంటర్ మధ్యలో మానినవాళ్ళు, పెళ్ళి మాటలు నడుస్తున్న ఆడపిల్లలు, ఓపెన్ స్కూల్‌లో పరీక్ష కట్టినవాళ్ళు, ఐటీఐకి దరఖాస్తు పెట్టినవాళ్ళు పేరుపేరునా ఉండాలి. ఎవరితో ఎంతవరకు మాట్లాడారో, ఏ మాట ఇచ్చారో రాసి ఉండాలి. పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పది పరీక్ష రాయవచ్చు. కానీ ఫీజు గడువు ఎప్పుడో చెప్పేవాళ్ళు లేక ఒక ఏడు, ఆ గడువు తెలిసిన కార్యకర్త వెళ్ళిపోయి మరో ఏడు పోయిన పిల్లలు మన మధ్యే ఉన్నారు. ఆ పుస్తకం సంస్థ ఆఫీసు బీరువాలో పడి ఉంటే ఊరికి ఒరిగేదేమీ లేదు. పిల్లల సొంత విషయాలు బయటపడకుండా దాన్ని జాగ్రత్తగా చేతి నుంచి చేతికి అందించాలి.

ఇక నియామక పత్రం. నెల జీతమెంత, ఎప్పుడు వస్తుంది, సెలవులెన్ని, ప్రయాణ ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద ఉండాలి. చదువు చెప్పే పని సేవే. సేవ చేసే మనిషికీ ఇంటి అద్దె ఉంటుంది, ఇంట్లో ముసలి తల్లిదండ్రులు ఉంటారు. ఇరవై మంది గానీ, అంతకు మించి గానీ పనిచేసే సంస్థలకు పీఎఫ్ బాధ్యత ఉంది. పది మంది ఉన్నచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ చట్టం స్వచ్ఛంద సంస్థలకూ వర్తిస్తుంది. పని మీద వెళ్ళిన ఊరు, ఎక్కిన సంస్థ బండి కూడా పనిచేసే చోటు కిందికే వస్తాయి. పది మంది కంటే తక్కువ ఉంటే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. కొత్తగా చేరిన అమ్మాయికి ఈ సంగతులు మొదటి రోజే చెప్పాలి. ఏదైనా జరిగాక చెబితే లాభం లేదు.

ఇప్పుడు డబ్బు మాట. ఏడాదికొకసారి మనుషులు మారిపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. సంస్థలకు డబ్బు ఏడాది లెక్కన వస్తుంది కాబట్టి కార్యకర్తలకు కొలువు కూడా ఏడాదికే ఇస్తున్నారు. ఇలాగే ఉండాలని చట్టమేమీ చెప్పలేదు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, ఐదు వందల కోట్ల నికర విలువ గానీ, వెయ్యి కోట్ల టర్నోవర్ గానీ, ఐదు కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. విద్య, ఉపాధికి పనికొచ్చే నైపుణ్యాలు అందులో ఉన్నాయి. కంపెనీ ఎక్కడ నడుస్తోందో ఆ స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది. 2021లో మార్చిన నిబంధనల్లో ‘కొనసాగే ప్రాజెక్టు’ అన్న ఏర్పాటు ఉంది. మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరాన్ని వదిలేసి మరో మూడేళ్ళ దాకా ఒకే ప్రాజెక్టును నడపవచ్చు. అంటే ఒక కార్యకర్తకు మూడేళ్ళ కొలువు ఇవ్వడానికి చట్టం దారి వేసే ఉంది. ఆ దారిలో నడవాలన్న సంకల్పం ఉంటే చాలు.

‘పాలనా ఖర్చులకు ఐదు శాతమే పరిమితి, జీతాలకు ఎక్కడి నుంచి తెచ్చిస్తాం?’ అనే మాట మరొకటి. ఆ ఐదు శాతం పరిమితి కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చులకు సంబంధించినది. ఒక ప్రాజెక్టును నేరుగా అమలు చేయడానికి అయ్యే ఖర్చు దాని కిందికి రాదు. ఊళ్ళో తిరిగి పిల్లలను బడికి చేర్చే కార్యకర్త జీతమే ఆ ప్రాజెక్టు. గోడకు రంగు, పిల్లలకు సంచులు, బెంచీల మీద కంపెనీ పేరు అందరికీ కనబడతాయి. మనిషి చేసే పని ఫొటోలో పడదు. అందుకే దానికి డబ్బు పుట్టడం లేదు. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పుట్టినప్పటి నుంచి ఈ నేల చాలా ఇచ్చింది. కాలుష్యంతో నక్కవాగు నీళ్ళు ఏమయ్యాయో, డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివాళ్ళు వాటి కోసం ఎంత కొట్లాడారో ఇక్కడి పెద్దలకు తెలుసు. కంపెనీలు ఈ ప్రాంతానికి సంచులు పంచితే సరిపోదు. మూడేళ్ళు నిలబడే మనుషులను ఇవ్వాలి.

కంపెనీల చుట్టూ ఉన్న గదుల్లో, ఇటుక బట్టీల దగ్గర ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్ళ పిల్లలూ ఈ ప్రాంతం పిల్లలే. కొత్త కార్యకర్తకు తెలుగుతో పాటు హిందీ వచ్చి ఉండాలని, ఒడియా మాట్లాడే ఒకరి సాయం అందేలా చూడాలని సంస్థలను కోరుతున్నాం. ‘మనోళ్ళ పిల్లలకే దిక్కులేదు’ అనే మాట మన నోటి నుంచి రాకూడదు. మన వాళ్ళు కూడా బతుకుదెరువు కోసం గల్ఫ్‌కూ ముంబైకీ పోయినవాళ్ళే.

ఊరు చేయాల్సినవి కూడా ఉన్నాయి. అవి మేమే ముందు నిలబడి చేస్తాం. రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. కొత్త కార్యకర్త వచ్చాక జరిగే మొదటి గ్రామసభలో ఆమెను పిలిచి కూర్చోబెట్టాలి. ఏ సంస్థ తరఫున వచ్చారు, ఎన్నాళ్ళు ఉంటారు, డబ్బు ఎవరిది, ఏం చేస్తారు, ఏం చేయరు అని ఆమె చెప్పాలి. మనం అడగాలి. హెడ్‌మాస్టర్, అంగన్‌వాడీ టీచర్లు, మహిళా సంఘం బాధ్యులు, యువజన సంఘాలు, గుడి పెద్దలు, మసీదు పెద్దలు, చర్చి పెద్దలు ఆ రోజు ఉండాలి. సర్పంచి ఇంటికో, ఒక పెద్దాయన అరుగు మీదికో తీసుకెళ్ళి పరిచయం చేస్తే ఆమె ఆ ఇంటి మనిషి అయిపోతుంది, మిగతా వాడలకు దూరమవుతుంది. దళితవాడలో, తండాలో ఆమె మొదటి వారంలోనే కూర్చుని చాయ్ తాగాలి.

ఉండటానికి గది ఇవ్వండి. పెళ్ళి కాని అమ్మాయికి, వేరే మతం మనిషికి, వేరే కులం మనిషికి అద్దెకు ఇవ్వమని తలుపు మూసే ఇళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. దుర్గాభవాని దర్శనానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే భక్తులను ఆదరించే ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు మన పిల్లల చదువు కోసం వచ్చిన మనిషికి ఒక గది చూపించడం బరువు కాకూడదు. సాయంత్రం తరగతులు అయ్యాక ఆమె షేర్ ఆటో కోసం రోడ్డు మీద ఒంటరిగా నిలబడకుండా యువకులు బాధ్యత తీసుకోవాలి.

ఆహ్వానించడమంటే కళ్ళు మూసుకోవడం కాదు. పిల్లలతో పనిచేసే ఏ మనిషి అయినా, ఆడైనా మగైనా, పోలీసు వెరిఫికేషన్ పత్రం బడికీ పంచాయతీకీ చూపించాలి. తరగతులు మూసిన తలుపుల వెనక జరగకూడదు. ఒంటరిగా పిల్లలను ఊరు దాటించకూడదు. పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయకూడదు. ఈ నియమాలు మంచి కార్యకర్తను కూడా కాపాడతాయి. నిందలు పుట్టడానికి సందు ఉండదు.

‘ప్రభుత్వ బడి బాగుంటే సంస్థలు ఎందుకు?’ అనే పెద్దలకు మా జవాబు: ప్రభుత్వ బడి బాగుండాలని మేమూ కొట్లాడుతున్నాం. ఖాళీ పోస్టులు నింపాలి, సబ్జెక్టు టీచర్లు ఉండాలి. కార్యకర్త పని బడికి బదులు కాదు. బడి గేటు దాకా పిల్లవాడిని తెచ్చి, బడిలో నిలబెట్టి, పది దాటించి, పద్దెనిమిదేళ్ళ దాకా వెంట నడవడం ఆమె పని. ఆ నడక ఒక్క ఏడాదిలో పూర్తికాదు. తొమ్మిదిలో కలిసిన అమ్మాయి ఇంటర్ మొదటి ఏడు పూర్తి చేయాలంటే మూడేళ్ళు కావాలి. మా కోరికలో ఉన్న మూడేళ్ళ లెక్క అదే.

అందుకని, సంస్థల నిర్వాహకులారా, వచ్చే జూన్‌లో పంపే కార్యకర్త నియామక పత్రంలో మూడు విద్యా సంవత్సరాలు అని రాయండి. పాత కార్యకర్తతో ఒక నెల కలిపి తిప్పండి. కంపెనీల యాజమాన్యాలారా, కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదించి, కార్యకర్తల జీతాన్ని ప్రాజెక్టు ఖర్చుగా రాయండి. పంచాయతీ సభ్యులారా, వచ్చే గ్రామసభ ఎజెండాలో ‘చదువు కార్యకర్త పరిచయం, మూడేళ్ళ ఒప్పందం’ అనే అంశం పెట్టండి. తల్లులారా, తండ్రులారా, ఆ సభకు రండి. మీ ఇంట్లో చదువు ఆగిన బిడ్డ ఉంటే వెంట తీసుకురండి.

ఇట్లు,
ఇస్మాయిల్‌ఖాన్‌పేట, చుట్టుపక్కల గ్రామాల తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు, యువతీయువకులు